లెక్కకి వచ్చిన జనం

నాకు నీళ్లంటే భయం. మాది అనంతపురం వైపు. మా ఊళ్లో నీళ్లంటే వీధి చివర ఆగే ట్యాంకరు, దాని ముందు బిందెల వరుస, ఆ వరుసలో తగాదా. నీళ్లలో మనిషి మునిగిపోతాడన్న సంగతి నాకు బళ్లో పాఠం చదివితే గాని తెలియలేదు. అలాంటివాణ్ణి గోదావరి ఎర్రగా పొంగి పారే రోజుల్లో పట్టుకెళ్లి లంకలో పడేశారు. క్షేమంగానే తిరిగొచ్చాను లెండి. అయినా ఇంట్లో బకెట్టు నిండుతున్న చప్పుడు వింటే ఇప్పటికీ లేచి వెళ్లి కుళాయి కట్టేస్తున్నాను. మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీ, ఆవిడ ఆ రేవు చూడలేదు.

నేను వెళ్లింది విహారానికి కాదు. పీఆర్ గురించి, అంటే జనంలో మంచి పేరు తెచ్చుకోవడం గురించి, మార్కెటింగ్ గురించి తెలుగులో రాసే బ్లాగర్లు కొందరున్నారు. కొట్టుకి బోర్డు ఎలా పెట్టాలి, సరుకుని ఫోనుతో ఎలా ఫొటో తీయాలి, అలిగి వెళ్లిపోయిన కస్టమరుని ఎలా మళ్లీ గుమ్మం ఎక్కించాలి, ఇలాంటివి చెబుతుంటారు. వాళ్లలో ఎవరి మాట ఎంత దూరం వెళుతుందో కొలిచి హైదరాబాద్‌లో మా ఆఫీసు ఏటా ఒక పట్టిక వేస్తుంది. కొలిచేవాణ్ణి నేను. పట్టికలో మొదట పేరు ఉన్నవాళ్లకి కంపెనీలు ఫోన్లు చేస్తాయి. కింది పేర్లవాళ్లు మాకు ఫోన్లు చేసి తిడతారు.

ఈసారి మొదటి స్థానానికి ఇద్దరు సమానంగా వచ్చి కూర్చున్నారు. ఇద్దరిదీ గోదావరి డెల్టాయే. ఒకరు రాజమండ్రిలో బట్టల కొట్టు నడిపే ప్రసాద్ గారు. రెండోవారు నరసాపురం వైపు ఒక లంకలో ఉండే సుగుణకుమారి గారు. ముందున్న పేరు ఎవరిదో తేలితే వాళ్లకి ఏడాది పని ఇవ్వడానికి ఒక పెద్ద కంపెనీ కాచుకుని ఉంది. అంకెలు డబ్బిచ్చి కొనుక్కునే కాలం కాబట్టి, స్వయంగా వెళ్లి, నలుగురినీ అడిగి, ఎవరి మాట జనం నిజంగా వింటున్నారో తేల్చుకు రమ్మని మా మేనేజరు నన్ను తోశాడు. లంక అంటే చుట్టూ నీళ్లుంటాయి సార్ అన్నాను. పడవలు ఉంటాయి కదయ్యా అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం ప్రాణం పోయింది.

వంతెన మీద

కొవ్వూరు దాటాక రైలు నెమ్మదించింది. కిందికి చూడకూడదు అనుకుంటూనే చూశాను. నది ఎక్కడ మొదలైందో తెలుస్తోంది గాని ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. కాఫీ పొడి కలిపినట్టున్న నీళ్లు, వాటి మీద కొట్టుకుపోతున్న చెట్ల కొమ్మలు, ఎక్కడి పాకదో ఒక తాటాకు కప్పు. నేను కిటికీ ఊచని రెండు చేతులతో పట్టుకున్నాను, వంతెన కూలితే ఆ ఊచ ఆదుకుంటుందన్నట్టు.

ఎదురు సీటులో పెద్దాపురం వెళుతున్న ఒక పెద్దావిడ చీర కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. నా వాలకం చూసి ఇంకో బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. విసిరాను. అది వంతెన ఇనప కమ్మీకి కొట్టుకుని తిరిగొచ్చి పక్క పెట్టె మెట్ల మీద పడింది. గోదావరి తల్లి నాది పుచ్చుకోలేదని ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం అరికాళ్లలో చెమట పట్టింది.

రాజమండ్రి

ప్రసాద్ గారి కొట్టు మెయిన్ రోడ్డులో, ఇల్లు దాని పైన. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నేను వచ్చిన పని చెప్పకముందే రోజ్ మిల్క్ తెప్పించారు. గ్లాసు అడుగున మీగడ మిగిలేంత చిక్కటి పాలు. ధర ఎంతో కనుక్కుందామంటే పాలు తెచ్చినవాడు నా మొహం చూసి నవ్వి వెళ్లిపోయాడు. ఈ ఊళ్లో రెండు రోజులు తిరిగినా జేబులోంచి పర్సు తీసే అవకాశం నాకు రాలేదు. నేను మాత్రం పర్సు మీద చెయ్యేసుకునే తిరిగాను. మర్యాద మరీ ఎక్కువైతే నాకు అదో భయం.

మధ్యాహ్నం వాళ్ల అమ్మగారు వడ్డించారు. పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముక్కల పులుసు. మా వైపు చాలు అంటే గిన్నె ఎత్తేస్తారు. ఇక్కడ చాలండీ అన్నాను, గరిటెడు పడింది. వద్దండీ అన్నాను, ఇంకో గరిటెడు పడింది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీదుగా నెయ్యి పోశారు. తరవాత ఆవిడే నాకు విడమరిచి చెప్పారు: వద్దు అన్నది మొహమాటమట, ఆ మాట విని ఊరుకుంటే వడ్డించేవాళ్లకి అప్రతిష్టట. పిలిచేవాళ్లూ అంతేనట, శ్రమ పడి రాకండి అని ఒక మాట అంటారట, ఆ మాట పట్టుకుని వెళ్లడం మానేసినవాణ్ణి మళ్లీ గుమ్మం తొక్కనివ్వరట. నేను పొట్ట పట్టుకుని తల ఊపాను. ఇదంతా తిండి వరకే అనుకున్నాను.

ప్రసాద్ గారికి మాత్రం ముద్ద దిగలేదు. కంచానికీ గ్లాసుకీ మధ్య ఫోను పెట్టుకుని, ముద్ద ముద్దకీ తెర వెలిగించి చూసుకుంటున్నారు. ఎంతమంది చదివారు, ఎంతమంది పోయారు. పోయినేడు పట్టికలో ఆయనదే మొదటి పేరు. ఈ ఏడు రెండో పేరైతే వీధిలో తలెత్తుకుని ఎలా నడవాలండీ అని నన్నే అడిగారు. నవ్వుతూ అడిగారు గాని కింది పెదవి వణుకుతోంది. ఒక పట్టిక, అందులో ఒక గీత, ఆ గీతకి పైనో కిందో ఒక పేరు. దానికోసం మనిషి అన్నం మానేస్తాడని ఆఫీసులో కూర్చుంటే తెలియదు.

న్యాయం చెప్పాలంటే ఆయన మాటకి విలువ ఉంది. వీధి పొడుగునా కొట్లు తిరిగి అడిగాను. బోర్డు రంగు మార్చింది ఆయన చెబితేనే, పండగ బేరానికి ముందే పాత కస్టమర్లకి ఫోన్లు చేసేది ఆయన చెబితేనే అన్నారు చాలామంది. రాసుకున్నాను.

రావులపాలెం

జొన్నాడ వంతెన దాటేటప్పుడు బస్సులో కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి రావులపాలెం, ఎటు చూసినా అరటి గెలలు. చక్రకేళి, కర్పూరం, అమృతపాణి, కూరకి బొంత. లారీల్లోకి గెలలు అందించేవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా, అన్నయ్యా తమ్ముడూ అనుకుంటూ పని చేయడం నాకు వింతగా తోచింది. మా మార్కెట్లో టమాటా బుట్ట దింపాలన్నా ఒకరి తాత పేరు ఇంకొకరు ఎత్తాల్సిందే. పక్కనే తట్టలో పులస చేప ఉంటే ధర అడిగాను. చెప్పాడు. మా ఇంటి అద్దె గుర్తొచ్చి తట్టకి దూరంగా జరిగాను.

బస్సు మారడానికి నిలబడ్డ చోట సూర్యనారాయణ గారు దొరికారు. ఆయన గెలల వ్యాపారి, దిట్టమైన మనిషి, గొంతు పెద్దది. సుగుణకుమారి గారి పేరు ఎత్తగానే లేచి నిలబడి మా టీచరు గారు అన్నారు. ఆవిడ ఒకప్పుడు బడిలో చెప్పేవారు. ఇప్పుడు బ్లాగులో చెబుతున్నా ఈ చుట్టుపక్కల అందరికీ టీచరు గారే. గెలని ఎండలో కాకుండా నీడలో పెట్టి ఫొటో తీయమని, కాయ మీద మచ్చ ఉంటే దాచకుండా మచ్చ చూపించి ధర చెప్పమని ఆవిడ రాస్తే, అలాగే చేసి బేరం రెట్టింపు చేసుకున్నారట. ఆయనొక్కరే కాదు, ఆ వరుసలో నేను అడిగిన ప్రతి వ్యాపారీ ఆవిడ రాసినదేదో ఒకటి వల్లించాడు.

నేను వచ్చిన పని ఏంటని అడిగారు. ఆవిడ మాట ఎంతమంది వింటున్నారో లెక్క చూస్తున్నానండీ అన్నాను. ఎరక్కపోయి అన్నాను. ఆయన తల ఊపి ఇలా అన్నారు.

"ఆవిడ కూడా నిన్ననే రాశారండి, లెక్క చూడ్డానికి హైదరాబాద్ నించి ఒకాయన వస్తున్నారని. మేం అప్పుడే అనుకున్నామండి, రేపు పొద్దున్న అందరం లంకకి వచ్చేస్తున్నాం. లెక్క అన్నాక మనిషి కనపడాలి కదండీ."

లెక్క కంప్యూటర్లో ఉంటుందండీ, మనుషులు రానక్కర్లేదండీ అన్నాను. ఆయన నా భుజం తట్టి నవ్వారు. నేను మొహమాటపడుతున్నానట. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు ఇల్లు బోసిగా ఉంటే పిల్లకి చిన్నతనం కాదా అని నన్నే అడిగారు. పాలకొల్లు వాళ్లూ, ఆచంట వాళ్లూ, తణుకు స్వీటు కొట్లవాళ్లూ కుటుంబాలతో సహా బయలుదేరుతున్నారట. నది అలా ఉంది కదండీ అంటే, గోదారి మాకు కొత్తేంటండీ అన్నారు. నాకు కొత్తే, కాబట్టి నా భయం ఎవరికీ పట్టలేదు.

లంక

పాలకొల్లు మీదుగా నరసాపురం వైపు వెళ్లి, రోడ్డు దిగి, గట్టు ఎక్కితే రేవు వచ్చింది. లంక పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. మధ్యలో ఉన్నది గోదావరిలో ఒక పాయ మాత్రమే, మామూలు రోజుల్లో ఆ ఒడ్డున పిలిస్తే ఈ ఒడ్డున పలుకుతారట. ఆ రోజు నీళ్లు గట్టు మెట్ల మీదికి వచ్చి ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద హెచ్చరిక తీసేశారని పడవ అతను ధైర్యం చెప్పాడు. మునగకుండా తొడుక్కునేందుకు ఉన్నది ఒకే ఒక్క గాలి జాకెట్టు, దాన్ని నాకు తొడిగాడు. అందరిలో నేనొక్కణ్ణే దాన్ని వేసుకుని, పడవ మధ్యలో చతికిలబడి, మా ఇంటిదేవుణ్ణీ పక్కింటి దేవుణ్ణీ కూడా మొక్కాను. దిగేటప్పుడు కాలు జారి కుడి చెప్పు నీళ్లలో పడింది. చూస్తుండగానే అది గిరగిరా తిరిగి, మునిగి, మళ్లీ తేలలేదు. చెప్పు బదులు నేను అనుకునేసరికి ఒళ్లు జలదరించింది.

సుగుణకుమారి గారు ఒడ్డునే ఉన్నారు. యాభై దాటిన సన్నటి మనిషి, నేత చీర, మెళ్లో సన్న గొలుసుకి చిన్న శిలువ. వందనాలండీ అన్నారు. ఇంటి నుంచి ఆడపడుచు రత్నం చేత వాళ్ల మరిది చెప్పులు తెప్పించి నా కాళ్ల ముందు పెట్టించారు. అన్నం, చేపల పులుసు, అరిటాకులో చింతచిగురు పచ్చడి. ఇక్కడ మాత్రం నేను వద్దు అనలేదు, అని లాభం లేదని నేర్చుకున్నాను కాబట్టి.

లంకలో ఆడవాళ్లంతా లేసు అల్లుతారు. అరుగుల మీద కూర్చుని, మాటలు ఆపకుండా, చేతుల వంక చూడకుండా అల్లేస్తుంటారు. అల్లిన లేసు మధ్యవాళ్లు తీసుకుపోతారు, ఎక్కడ ఎంతకి అమ్ముడవుతుందో వీళ్లకి తెలియదు. సుగుణకుమారి గారు ఈ బ్లాగు మొదలుపెట్టిందే అందుకట. ముందు తాను నేర్చుకోవాలి, తరవాత తనవాళ్లకి దారి చూపాలి అనుకున్నారు. తన పేరు పట్టికలో మొదట ఉంటే ఆ పెద్ద కంపెనీ ఇచ్చే పనితో పాటు లేసు కూడా నేరుగా కొంటామని మాట ఇచ్చిందని చెప్పారు. రత్నం అప్పటికే అరుగు మీది ఆడవాళ్లతో ఏ దారం తెప్పించాలో మాట్లాడేస్తోంది. అందరూ నా వంక చూస్తున్నారు. నేను తల దించుకుని చెప్పులు చూసుకున్నాను.

సూర్యనారాయణ గారి మాట చెప్పేశాను. ఆవిడ మొదట నవ్వేశారు. తరవాత లేచి గుమ్మంలోకి వెళ్లి నది వంక చూసి వచ్చారు. వెంటనే ఫోను తీసి బ్లాగులో పెట్టారు: రేపు ఎవరూ రావద్దండీ, నీళ్లు ఎక్కువగా ఉన్నాయి, దయచేసి శ్రమ పడకండీ. నాకు చూపించారు. చదవగానే నాకు రాజమండ్రి గరిటె గుర్తొచ్చింది. ఆ మాట అనబోయి, ఇంత తెలిసినవాళ్లకి నేను చెప్పేదేంటిలే అని ఊరుకున్నాను.

రేవు

పొద్దున్న అవతలి గట్టు రంగులు మారిపోయింది. చీరలు, గొడుగులు, పిల్లలు, గట్టు పొడుగునా ఆటోలు. తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చారు. మొదటి పడవ అప్పటికే ఇటు వస్తోంది. అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడు కూడా లేదు. పడవ అతను కేకలు వేస్తున్నా, ముందు మీరు ఎక్కండీ, కాదండీ ముందు మీరు, అంటూ ఒకరినొకరు మర్యాద చేసుకుని ఆఖరికి అందరూ ఎక్కేసినట్టున్నారు. మధ్య పాయలో ఒక సుడి దగ్గర పడవ పక్కకి ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎవరో పసిపిల్ల కిలకిలా నవ్విన చప్పుడు వినిపించింది, ఊయలలా ఉందనుకుందేమో. ఆ నవ్వుకి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పడవ చేరింది. దిగినవాళ్ల బట్టలు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. నవ్వుతూ వచ్చి నా ముందు వరసగా నిలబడ్డారు, లెక్కపెట్టుకోండీ అన్నట్టు.

అవతల రెండో పడవ నిండుతోంది. అది ఇంకా పెద్దది, దాంట్లో ఇంకా ఎక్కువమంది. ముందు భాగంలో గెల భుజాన వేసుకుని సూర్యనారాయణ గారు. ఎగువ నుంచి ఒక మానుదుంగ కొట్టుకొచ్చి రేవు పక్కనుంచి వెళ్లింది. అది వెళ్లిన వేగం చూసి నేను ఒక మెట్టు పైకి జరిగాను. సుగుణకుమారి గారు ఫోను చేశారు, ఆ గోలలో ఎవరూ ఎత్తలేదు. కొంగు ఊపి వెనక్కి వెళ్లమని సైగ చేశారు. అటువైపు అందరూ చేతులు ఊపారు.

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తారు. ఒడ్డునే వాళ్ల చిన్న చర్చి ఉంది, పొద్దుటి ప్రార్థనకి మైకు పెడతారు. నేనూ, రత్నమూ వెనకాల పరుగెత్తాం. మైకులో ఆవిడ గొంతు నది దాటి వెళ్లింది. రావద్దండీ, మీ ప్రేమ చాలండీ, వెనక్కి వెళ్లండీ అన్నారు. గట్టు మీద చప్పట్లు కొట్టారు. ఇంకో కుటుంబం పడవ ఎక్కింది. ఆవిడ మళ్లీ బతిమాలారు, మళ్లీ చప్పట్లు. ఇక్కడ ఎంత వద్దంటే అంత రావాలి. ఆవిడ మైకు మీద చెయ్యి మూసి నా వంక తిరిగారు. ఆ మొహంలో ఉన్న భయం చూస్తే నా భయం నాకు పిల్లలాటలా తోచింది. వీళ్లకి ఏ మాట తగులుతుందో నాకు తెలుసండీ అన్నారు, చాలా చిన్నగా. తరవాత చెయ్యి తీసేశారు.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు? పిలవని పేరంటానికి పిల్లాజెల్లని వేసుకుని ఎగబడి వస్తారా? తిండికి మొహం వాచిపోయారా? మీకు పెట్టడానికి మా ఇంట్లో మెతుకు లేదు. సూర్యనారాయణా, ముందు నువ్వు దిగు."

నేను ఆ ప్రాంతంలో ఉన్న కాసిని రోజుల్లోనే నాకు తెలిసింది, అక్కడ మనిషిని కొట్టినా మర్చిపోతాడు, తిండికి వచ్చావంటే మర్చిపోడు. గట్టు మీద చప్పుడు ఆగిపోయింది. ప్రవాహం హోరు ఒక్కటే వినిపిస్తోంది. ఆవిడ ఆపలేదు. పేర్లు పెట్టి, ఊళ్లు పెట్టి, ఇంకా ఘోరంగా అన్నారు. అవన్నీ నేను రాయలేను.

సూర్యనారాయణ గారు గెలని నీళ్లలో పడేసి దిగారు. ఆయన వెనక ఒక ముసలాయన, ఆయన వెనక పిల్లని చంకనేసుకున్న ఒకమ్మాయి. పడవ ఖాళీ అయింది. ఆటోలు ఒక్కొక్కటే గట్టు దిగి వెళ్లిపోయాయి. మొదటి పడవలో వచ్చినవాళ్లు ఆవిడ మొహం చూడకుండా, మంచినీళ్లు ఇస్తే పుచ్చుకోకుండా, నలుగురు నలుగురుగా తిరిగి దాటారు. ఏమీ జరగలేదు. ఒక్క మనిషికీ ఏమీ కాలేదు.

ఆవిడ చర్చి మెట్టు మీద కూలబడి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. రత్నం ఎదురుగా నిలబడి ఏడుస్తోంది. "ఏం నోరు వదినా అది. మన ఆడవాళ్ల నోటి దగ్గర కూడు పోయింది కదా," అంది. ఆవిడ తల ఊపారు, కాదనలేదు.

తిరుగు దారి

గట్టు మీద ఎవరో అంతా ఫోనులో పట్టారు. మధ్యాహ్నానికి ఆ మాటలు ఊళ్లన్నీ తిరిగాయి. ఆవిడ పేజీ నుంచి జనం జారిపోతుంటే అంకె నా కళ్ల ముందే తగ్గుతోంది. నేను ఉండబట్టలేక, ఎందుకు తిట్టారో ఇప్పుడే రాసి పెడతానండీ, చూసినవాణ్ణి నేను ఉన్నాను కదా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"వద్దండి. ఈ వద్దు మొహమాటం కాదు. మా టీచరు మాకోసమే తిట్టిందని తెలిస్తే ఏడుస్తూ ఇంకో నలుగుర్ని వెంటేసుకుని రేపే వస్తారండి. నీళ్లు అలాగే ఉన్నాయి."

తిరిగి దాటేటప్పుడు పడవలో నేనూ, పడవ అతనూ ఇద్దరమే. గాలి జాకెట్టు వేసుకోవడం మర్చిపోయానని సగం దాటాక చూసుకున్నాను. రేవు దగ్గర టీ బడ్డీలో సూర్యనారాయణ గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. మా ఇంట్లో అన్నం లేక వెళ్లామా అండీ అని మాత్రం అడిగారు. పెద్ద గొంతు మనిషి, ఆ మాట నాకు అతికష్టం మీద వినిపించింది. నిజం నా నాలుక చివర దాకా వచ్చింది. వెనక్కి తిరిగి నది చూశాను, మింగేశాను. మా ఇద్దరి టీ డబ్బులూ ఆయనే ఇచ్చేశారు, అంత బాధలోనూ.

నరసాపురంలో హైదరాబాద్ బండి తప్పిపోయింది. ప్యాసింజరు పట్టుకుని నిడదవోలులో దిగి కూర్చున్నాను. ఫోను తెరిస్తే ప్రసాద్ గారి కొత్త వ్యాసం, కస్టమరుతో ఎన్నడూ అనకూడని మాటలని. పేరు పెట్టలేదు గాని ఎవరి గురించో అందరికీ తెలుసు. చదివినవాళ్లు వేలకి వేలు. ఆయనకి ఫోను చేసి జరిగింది చెప్పి, ఎవరితోనూ అనొద్దని వేడుకున్నాను. అయ్యో, నిజమాండీ, పాపం అన్నారు. వ్యాసం మాత్రం తీయలేదు. ఆయన్ని తిట్టుకోవాలనిపించింది గాని అన్నం దగ్గర ఆ పెదవి వణకడం గుర్తొచ్చి కోపం నిలబడలేదు.

ఆఫీసులో ఆవిడ పేరు మొదట పెట్టి ఇచ్చాను. పిలిస్తే వచ్చేవాళ్లని లెక్కపెడుతున్నాం, పొమ్మంటే వెళ్లిపోయేవాళ్లని ఎవరు లెక్కపెట్టారు, అంతమందిని ఒక్క మాటతో పడవ దింపిన మనిషి కంటే ప్రభావం ఎవరికి ఉంది అని వాదించాను. మేనేజరు ఓపిగ్గానే విన్నాడు. మునగని పడవని ఏ గడిలో వేయమంటావయ్యా అన్నాడు. పట్టిక వచ్చింది. ప్రసాద్ గారిది మొదటి పేరు. ఆవిడ పేరు పట్టికలోనే లేదు.

ఆ సంగతి ఇంకొకరు చెప్పేకంటే నేనే చెప్పాలని ఆవిడకి ఫోను చేశాను. విని, సరేనండీ అన్నారు. లేసు గురించి అడగబోయాను, ఆవిడే మాట మార్చి, సూర్యనారాయణ గారు వాళ్లకి నా మీద ఇంకా కోపంగానే ఉందాండీ అని అడిగారు. ఉందండీ, మీ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోతున్నారట అన్నాను.

"అయితే మంచిదేనండి. ఇంకా వరద నీళ్లు తియ్యలేదు," అన్నారు.

ఈ మధ్య మళ్లీ ఫోను చేసి, ఇప్పుడైనా రాయనా అని అడిగితే, కొత్తవాళ్లెవరూ రేవు మీద పడకుండా, ఊరి పేరు లేకుండా రాసుకోమన్నారు. రావలసినవాళ్లకి దారి తెలుసు. గోదావరి వరద తీసింది. రేవులో మెట్లన్నీ బయటపడ్డాయట, పాయ మధ్య ఇసుక తేలిందట, ఆ గుమ్మం ఎక్కినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరట. ఆ రోజు గట్టు మీద నిలబడినవాళ్లలో ఒక్కరైనా ఇది చదువుతారని రాశాను. ఇప్పుడు వెళ్లొచ్చండి. పిలవలేదని ఆగిపోకండి.